సంస్కృత నిఘంటువు సైట్: హోమ్‌పేజీలో ఏముండాలి, గైడ్ ఎలా ఉండాలి?

మల్లేశ్వరం_కోశం:

నమస్కారం. బెంగళూరులోని ఒక చిన్న సంస్కృత అధ్యయన బృందం తరఫున అడుగుతున్నాను. మోనియర్ విలియమ్స్ (1899), ఆప్టే (1890), వాచస్పత్యం, శబ్దకల్పద్రుమం. ఈ నాలుగు నిఘంటువులకూ కొలోన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన డిజిటల్ పాఠాన్ని తీసుకుని తెలుగు, కన్నడ, దేవనాగరి లిపుల్లో చూపించే సైట్ నడుపుతున్నాం. వాడేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడి తెలుగువాళ్లు. శని, ఆదివారాల్లో సంస్కృతం నేర్చుకునేవాళ్లు, ప్రవచనానికి శ్లోకం సిద్ధం చేసుకునేవాళ్లు, పిల్లలకో కంపెనీకో పేరు వెతుక్కునేవాళ్లు.

ప్రస్తుతం హోమ్‌పేజీ తెరవగానే ప్రాజెక్టు చరిత్ర, నిఘంటువుల పట్టిక, ధన్యవాదాలు కనిపిస్తాయి. ఫోన్లో చాలా కిందికి జరిపితే గానీ సెర్చ్ బాక్స్ రాదు. గైడ్ ఒక పెద్ద పీడీఎఫ్. దాన్ని దించుకునేవాళ్లు చాలా తక్కువ.

ఫలితం రాని వెతుకులాటల లాగ్ తీసి చూస్తే, నిఘంటువులో నిజంగా లేని పదాలు కొద్దిగానే ఉన్నాయి. ఉండి కూడా దొరకనివే ఎక్కువ. మచ్చుకు: మనస్సు, రాజు, సంబంధం, సన్యాసి, మంగళం, కధ, లొక, గచ్ఛతి, అనుగచ్ఛతి, ధర్మశాస్త్రం.

మొదటి తెర మీద ఏముండాలి? గైడ్ పీడీఎఫ్‌గానే ఉంచాలా, ముక్కలు చేయాలా? ఇంగ్లిష్ సంకేతాక్షరాలను తెలుగు చేయాలా? పనిచేసేది ఇద్దరమే కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పండి.

తత్సమం:

మీ లాగే మీకు సగం జవాబు చెబుతోందండీ. ఆ పదాలన్నీ తెలుగువాడు తెలుగులో వాడే రూపాలు. నిఘంటువు వాటిని ప్రాతిపదిక (విభక్తి చేరని మూల) రూపంలో ఆరోపంగా, అంటే అర్థం ఇచ్చే ముందు మొదట కనిపించే పదంగా పెట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య దారి వేయకుండా హోమ్‌పేజీ ఎంత అందంగా దిద్దినా ఉపయోగం లేదు. కాబట్టి గైడ్‌కి అసలు చోటు "ఫలితం లేదు" అని చూపించే పేజీ. మనిషికి సాయం కావలసింది అక్కడే, అప్పుడే.

తత్సమ రూపం నుంచి ప్రాతిపదికకు వెళ్లే నియమాలు చాలావరకు యంత్రానికి చెప్పగలిగినవే. చివరి ము, సున్న, విసర్గ తీసేయండి: వృక్షము, ఫలం. డు తీసేసి దాని ముందున్న ఉకారాన్ని అకారం చేయండి: రాముడు, దేవుడు. ఉకారం తర్వాతి వు తీసేయండి: గురువు, ధేనువు. స్సు ఉంటే స్ చేయండి: మనస్సు, తేజస్సు, ఆయుస్సు. వంతుడు, మంతుడు ఉంటే వత్, మత్: భగవంతుడు, బుద్ధిమంతుడు.

త్తు దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. జగత్తు, విద్యుత్తు తకారాంతాలు. శరత్తు, విపత్తు మాత్రం శరద్, విపద్ అనే దకారాంతాలు. రెండు రూపాలూ పుట్టించి, ఆరోపాల పట్టికలో ఏది ఉంటే దాన్ని చూపించాలి. ఈ సూత్రం అన్నిచోట్లా పనికొస్తుంది: ఊహించిన రూపాలు ఎన్నైనా పుట్టించండి, పట్టికలో లేనిదాన్ని తెర మీదికి రానివ్వకండి.

హ్రస్వాంతాలు ఇంకా చిక్కు. తెలుగులో చివరి దీర్ఘం పోతుంది కనుక విద్య, భాష, గంగ అన్నవి అక్కడ విద్యా, భాషా, గంగా. అదే అకారం నకారాంతం కూడా కావచ్చు: కర్మ, జన్మ, ఆత్మ అన్నవి కర్మన్, జన్మన్, ఆత్మన్. దాత, నేత, కర్త వంటివి ఋకారాంతాలు: దాతృ, నేతృ, కర్తృ. ఇకారాంతమైతే కవి అలాగే ఉంటుంది, నది నదీ అవుతుంది, యోగి యోగిన్ అవుతుంది. కాబట్టి అ, ఇ మీద ముగిసే ప్రతి పదానికీ మూడు నాలుగు రూపాలు పరీక్షించక తప్పదు. రాజు (రాజన్), వాక్కు (వాచ్), దిక్కు (దిశ్), విద్వాంసుడు (విద్వస్) లాంటివి నియమానికి లొంగవు. వీటికి చేత్తో ఒక పట్టిక రాసుకోండి. మామూలు వాడుకలో ఉన్న తత్సమాల వరకే కనుక అది చాంతాడంత పెరగదు.

రెండోది సున్న. తెలుగులో మనం అంగం, పంచ, పండిత, అంతం అని అన్నిచోట్లా సున్నే రాస్తాం. మోనియర్ విలియమ్స్ మాత్రం పదం లోపల ఉన్నచోట ఙ, ఞ, ణ, న, మ అని ఆయా వర్గపు అనునాసికమే వేస్తాడు. సమ్ అనే ఉపసర్గ వచ్చినచోట ఇంకో పద్ధతి: క, చ, త వర్గాల ముందు అనుస్వారం (సంకల్ప, సంచయ, సందేహ), ప వర్గం ముందు మకారం (సమ్బన్ధ, సమ్పద్). దీన్ని వాడేవాళ్లకు నేర్పాలని చూడకండి. వెతకడానికి మాత్రమే ఒక పోలిక రూపం తయారుచేసి, వర్గాక్షరం ముందున్న ఏ అనునాసికాన్నయినా సున్నగా మార్చండి. ఆరోపాలకూ వచ్చిన ప్రశ్నకూ ఒకే నియమం. తెర మీద మాత్రం అచ్చులో ఉన్న రూపమే చూపించాలి.

సన్యాసి ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలుస్తుంది. సమ్ వల్ల అక్కడ సంన్యాసిన్ అని ఉంది. సున్న, ఇన్ అంతం, రెండూ ఒకేసారి తప్పాయి. ఇలాంటివి చేత్తో రాసే పట్టికలోకే.

మూడోది ళకారం. మంగళం, కళ, నాళం, దళం, ప్రళయం, కాళిదాసు: తెలుగులోనూ కన్నడలోనూ మనం ళ రాస్తాం, ఈ నిఘంటువుల్లో అవన్నీ లకారంతో ఉంటాయి. లిప్యంతరీకరణ ఉపకరణాలు ళను నమ్మకంగా ళగానే మారుస్తాయి, అందుకే ఫలితం సున్నా. ళ ఉన్న ప్రశ్నను లతో మళ్లీ వెతకండి. వేదమంత్రం నుంచి తెచ్చిన ఈళే లాంటి పదమైతే డకారంతో కూడా: అది ఈడ్ ధాతువు.

ఇవి కాక ఎ, ఒ. సంస్కృతంలో హ్రస్వ ఎకార ఒకారాలు లేవు. తెలుగు కీబోర్డుల్లో చాలావాటిలో ఇంగ్లిష్ చిన్న ఓ (o) కొడితే ఒ వస్తుంది, అందువల్లే మీ లాగులో "లొక" ఉంది. వాటిని దీర్ఘాలుగా మార్చేయండి. ఇందులో అనుమానానికి తావే లేదు.

నిఘంటుప్రియ:

తత్సమం గారు చెప్పినదంతా నిజమే. దానికి ఒకటి చేర్చాలి: నాలుగు నిఘంటువులూ ఒకే తీరులో పదాన్ని పెట్టుకోవు. గైడ్‌లో ఒక్కో నిఘంటువుకి ఒక్క పేరా చాలు, కానీ ఆ పేరా సూటిగా ఉండాలి.

నామవాచకాన్ని మోనియర్ విలియమ్స్ ప్రాతిపదికగా ఇస్తాడు: వృక్ష, ఫల. ఆప్టే ప్రథమావిభక్తి ఏకవచనంలో ఇస్తాడు: వృక్షః, ఫలమ్. విశేషణాలకు మాత్రం ప్రాతిపదికే. శబ్దకల్పద్రుమంలోనూ విసర్గ ఉంటుంది, పైగా రేఫ తర్వాతి హల్లును రెట్టిస్తుంది: ధర్మ్మః, కర్మ్మ. మన పాత తెలుగు అచ్చు పుస్తకాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పోలిక రూపంలో రేఫ తర్వాతి ద్విత్వాన్ని ఒకటి చేయండి. వాచస్పత్యం ప్రాతిపదికకే కట్టుబడుతుంది.

ఉపసర్గతో వచ్చే క్రియలు అసలైన ఉచ్చు. అనుగమ్ కావాలంటే మోనియర్ విలియమ్స్‌లో అకారం కింద అనుగమ్ దగ్గరే ఉంటుంది. ధాతువు కిందే పెట్టే నిఘంటువుల్లో గమ్ తెరిచి, దాని చివర ఉపసర్గల వరుసలో అను దగ్గరికి వెళ్లాలి. బోట్‌లింక్, రోత్ కలిసి చేసిన పెద్ద జర్మన్ నిఘంటువు (1855–75) అలాంటిదే. మీ సైట్‌లో అనుగమ్ అని కొట్టినవారికి ఒక నిఘంటువు నుంచి ఏమీ రాకపోతే అందులో ఆ పదమే లేదనుకుంటారు. "ఈ నిఘంటువులో ఇది గమ్ కింద ఉంది, చూడండి" అని ఒక లంకె రావాలి. ఇరవై రెండు ఉపసర్గలే కదా, ముందు నుంచి ఉపసర్గను విడదీసి మిగిలింది ధాతువుల జాబితాలో ఉందో లేదో చూస్తే సరిపోతుంది. ఉపసర్గ అంతంలో సంధి జరిగినవాటికి (ప్రత్యాగమ్‌లో ప్రతి, ఆ) నాలుగైదు మార్పులు రాసుకోవాలి.

సమాసాలదీ అదే తీరు. మోనియర్ విలియమ్స్ సమాసాలు డిజిటల్ రూపంలో విడి ఆరోపాలుగా ఉన్నాయి, ధర్మశాస్త్ర అని కొడితే నేరుగా వస్తుంది. ఆప్టే సమాసాలన్నిటినీ మొదటి పదం కింద, ఒక గుర్తు తర్వాత గుదిగుచ్చి ఇస్తాడు. కాబట్టి ధర్మశాస్త్రానికి ధర్మః తెరవాలి. అక్కడికి చేరాక మళ్లీ పేజీలో వెతుక్కోవలసి రాకుండా ఆ ముక్కను రంగు మార్చి చూపించండి.

సంకేతాక్షరాల సంగతి. తెలుగు చేయాల్సిందే, కానీ పాఠంలో అక్షరాలు చూసి మార్చే పని పెట్టుకోవద్దు. కొలోన్ డేటాలో గ్రంథ సంకేతాలకు ఎల్‌ఎస్ అనే ట్యాగు, మామూలు సంక్షేపాలకు ఏబీ ట్యాగు, లింగానికి లెక్స్ ట్యాగు వేరువేరుగా ఉన్నాయి. ట్యాగును పట్టుకుని మార్చితే పొరపాటు జరగదు. లేకపోతే రామాయణాన్ని సూచించే ఆర్ అక్షరం ఎక్కడెక్కడి ఆర్‌లతోనో కలిసిపోతుంది.

మొత్తం జాబితాను మొదటి రోజే చేయనక్కర్లేదు. ముందుగా కావలసినవి ఇవి. ఎమ్‌ఎఫ్‌ఎన్: మూడు లింగాల్లోనూ వచ్చేది, అంటే విశేషణం. మధ్యలో బ్రాకెట్లో ఆ గానీ ఈ గానీ ఉంటే స్త్రీలింగ రూపానికి ఆ ప్రత్యయం. ఐఎన్‌డీ: అవ్యయం. ఐఎఫ్‌సీ: సమాసం చివర వచ్చినప్పటి అర్థం. ఐబీసీ: సమాసం మొదట వచ్చినప్పటిది. పీ, ఏ: పరస్మైపదం, ఆత్మనేపదం అనే రెండు రకాల క్రియారూపాలు. ఆప్టేలో యూ అంటే ఉభయపది, రెండు రకాలూ ఉన్నది. పదం పక్కన చిన్న గుండ్రం ఉంటే ముందు చెప్పిన భాగాన్ని అక్కడ కలుపుకోవాలని.

అన్నిటికంటే ముఖ్యమైనది మోనియర్ విలియమ్స్ వాడే పెద్ద ఎల్. ఆ అర్థం సంప్రదాయ కోశాల్లో ఉంది గానీ, అప్పటికి అచ్చయిన ఏ గ్రంథంలోనూ ప్రయోగం కనబడలేదని దాని భావం. పేరు కోసం వచ్చేవాళ్లు సరిగ్గా ఇలాంటి అర్థాల మీదే వాలుతారు, ఎందుకంటే అవి కొత్తగా, అరుదుగా కనిపిస్తాయి. అక్కడ "కోశాల్లో మాత్రమే" అని తెలుగులో పూర్తిగా రాసి చూపించండి. సంకేతం మీద వేలు పెడితే వచ్చే వివరణగా దాచకండి. మౌస్ ఆనిస్తే విచ్చుకునే పెట్టెలు ఫోన్లో పనిచేయవు కూడా.

మల్లేశ్వరం_కోశం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. ఒకటి, మావాళ్లలో సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. రెండు, థ, ధలను కూడా ఒకటిగా చూసి వెతకవచ్చా? "కధ" అని చాలా కనబడుతోంది.

లిపికారుడు:

రోమన్ అక్షరాల సంగతి ముందు చెబుతాను. "ఏ పద్ధతిలో కొడుతున్నారో ఎంచుకోండి" అని పెట్టే మెనూ నిపుణులకే పనికొస్తుంది. హార్వర్డ్-క్యోటో అనే రోమన్ అక్షరాల పద్ధతిలో పెద్ద ఎస్ అంటే ష, జెడ్ అంటే శ. ఎస్‌ఎల్‌పీ1లో సరిగ్గా తిరగేసి ఉంటుంది: పెద్ద ఎస్ శ, జెడ్ ష. మన ఆర్‌టీఎస్‌లో పెద్ద ఎస్ శ, ఎస్‌హెచ్ ష. ఐట్రాన్స్‌లో చిన్న ఎస్‌హెచ్ శ, పెద్ద ఎస్‌తో మొదలైతే ష. పెద్ద ఆర్ హార్వర్డ్-క్యోటోలో ఋ, ఎస్‌ఎల్‌పీ1లో ణ. మెనూలో ఒకటి ఉండి వేలు ఇంకో పద్ధతిలో నడిస్తే వచ్చేది తప్పు పదం. అసలేమీ రాకపోవడం కంటే అది ప్రమాదం.

కాబట్టి మామూలు వాడకందారుకి "నాకు తోచినట్టు కొడతాను" అనేదే ముందుగా ఎంచి ఉండాలి. అందులో వచ్చిన స్పెల్లింగును అన్ని పద్ధతుల్లోనూ చదివి, పెద్దచిన్న అక్షరాలు, దీర్ఘాలు, ఒత్తులు తీసేసిన అస్థిపంజరంతో కూడా పోల్చి, ఆరోపాల్లో ఉన్నవాటిని వరుసగా చూపించాలి. దక్షిణాదిలో తకారానికి టీహెచ్ రాసే అలవాటుంది: గీత, లలిత పేర్లలాగా. టీహెచ్‌ను థ అనే కాక త అని కూడా చదవాలి. రాసిన వెంటనే బాక్స్ కింద తెలుగు లిపిలో "మీరు కొట్టింది: గీతా" అని కనబడితే మనిషి తానే దిద్దుకుంటాడు. నా లెక్కలో పేజీల కొద్దీ గైడ్ చేయలేని పని ఆ ఒక్క వరుస చేస్తుంది.

లోపల అంతా ఎస్‌ఎల్‌పీ1లోకి మార్చి ఉంచుకోండి. ఒక ధ్వనికి ఒకే అక్షరం కనుక పైన చెప్పిన నియమాలన్నీ అక్కడ చిన్న చిన్న ఆదేశాలవుతాయి. తెలుగు, కన్నడ లిపుల నుంచి దేవనాగరికి మార్చడం తేలికే. యూనికోడ్‌లో ఈ లిపుల అరలు 128 స్థానాలకొకటిగా సమాంతరంగా అమర్చి ఉన్నాయి. తెలుగు నుంచి 768, కన్నడ నుంచి 896 తీసేస్తే దేవనాగరి అక్షరం వస్తుంది. ఎ, ఒ, ళ, ఱ మాత్రం విడిగా చూసుకోవాలి.

అతికించిన పాఠంతో వచ్చే గొడవలు కంటికి కనబడవు. వాట్సాప్ నుంచో పీడీఎఫ్ నుంచో తెచ్చిన పదంలో వెడల్పు లేని అక్షరాలు (యూనికోడ్ 200సి, 200డి) దాక్కుని ఉంటాయి. వేదపాఠం నుంచి తెస్తే స్వరచిహ్నాలు (0951, 0952) అంటుకుని వస్తాయి. రోమన్‌లో చుక్కలు, గీతలు ఉన్న అక్షరం ఒకే ముక్కగానూ ఉండవచ్చు, అక్షరం ప్లస్ గుర్తు అని రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. అనుస్వారం చుక్క కొందరికి ఎమ్ కింద, కొందరికి పైన. వెతికే ముందే ఇవన్నీ సమం చేయండి, ఎన్‌ఎఫ్‌సీ (అక్షరం, గుర్తు ఒకే ముక్కగా ఉండే యూనికోడ్) రూపంలోకి తెచ్చి. వెనకా ముందూ ఉన్న ఖాళీలు, దండాలు, శ్లోకసంఖ్యలు కూడా.

తెలుగు లిపిలో సంస్కృతం చూపించేటప్పుడు వరుసల మధ్య ఎడం పెంచండి. కార్త్స్న్యం లాంటి చోట వత్తులు కిందికి దిగి తర్వాతి వరుసతో తగులుకుంటాయి, లేదా పెట్టె అంచు దగ్గర తెగిపోతాయి. అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ భాగానికి భాష సంస్కృతం, లిపి తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో చెప్పడం మరవద్దు, ఇంగ్లిష్ అర్థానికి ఇంగ్లిష్ అని. స్క్రీన్ రీడర్ దాన్ని బట్టే గొంతు మార్చుకుంటుంది.

ప్రతి వెతుకులాటకూ ప్రతి ఆరోపానికీ సొంత చిరునామా ఉండాలి. చాలా నిఘంటువు సైట్లలో చిరునామా మారదు, వెనక్కి బటన్ నొక్కితే హోమ్‌పేజీకి పోతుంది. తరగతిలో గురువుగారు ఒక పదం లంకె పంపితే అందరికీ అదే పేజీ తెరుచుకోవాలి కదా.

మైలాపూర్_వ్యాకరణం:

చెన్నై నుంచి. థ, ధల ప్రశ్నకు: వెతకండి, కానీ కలిపేయకండి. అర్థ అంటే ప్రయోజనం, ధనం, భావం. అర్ధ అంటే సగం. తెలుగులో రెంటినీ తారుమారు చేసి రాయడం ఎంత ఉన్నా, నిఘంటువులో రెండూ నిజమైన పదాలే. దిన, దీన, సుత, సూత, సమ, శమ: వీటిలో ఏ రెంటినీ ఒకటి చేయడానికి లేదు. సరిగ్గా కొట్టిన రూపం ఉంటే అది ముందు, ఒక గీత గీసి దాని కింద "ఇవి కావచ్చు" అని దగ్గరివి. కధ అన్నది లేదు కనుక నేరుగా కథా చూపించి, "థకారంతో వెతికాం" అని ఒక మాట రాయండి. ఏ మార్పు చేశారో ప్రతిసారీ చెప్పడం వల్ల చదివేవారికి నిఘంటువు పద్ధతి దానంతట అదే అలవాటవుతుంది. గైడ్ రాయడం అంటే ఇదే అని నా అభిప్రాయం.

సున్న, ఎకార ఒకారాలు, రేఫ తర్వాతి ద్విత్వం మాత్రం చెప్పకుండానే కలపవచ్చు. అక్కడ రాసే తీరే వేరు, పదం ఒక్కటే.

గచ్ఛతి సంగతి ఎవరూ ఎత్తలేదు. విభక్తి రూపాలన్నిటినీ విడదీసే యంత్రం మీరు కట్టనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని ఇన్రియా అనే కంప్యూటర్ పరిశోధన సంస్థలో జెరార్ హ్యూయే కట్టిన సంస్కృత హెరిటేజ్ సైట్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి గారి ఆధ్వర్యంలో తయారైన సంసాధనీ ఆ పని చేస్తున్నాయి. సంధి విడదీయాల్సిన పొడుగు పదమైతే అక్కడికి లంకె ఇవ్వండి. మీ వంతుగా ఒక చిన్న పట్టిక చాలు: ధాతుపాఠంలోని (ధాతువుల సంప్రదాయ జాబితాలోని) సుమారు 2,000 ధాతువులకు లట్ (వర్తమానకాల) ప్రథమపురుష ఏకవచనం. గచ్ఛతి అంటే గమ్, పశ్యతి అంటే దృశ్, తిష్ఠతి అంటే స్థా, పిబతి అంటే పా. దానికి నిఘంటుప్రియ గారి ఉపసర్గల విడదీత జోడిస్తే అనుగచ్ఛతి కూడా దొరుకుతుంది.

ఇంకొక చిక్కు ఇంగ్లిష్ నుంచి వెతికేవాళ్లతో. మోనియర్ విలియమ్స్ అర్థాల్లో "ప్రేమ"కు ఇంగ్లిష్ మాట వెతికితే పదాలు కుప్పలుగా వస్తాయి, వాటిలో ఏది వాడుకలో ఉందో తెలియదు. అది సంస్కృతం నుంచి ఇంగ్లిష్‌కి రాసిన పుస్తకం. ఇంగ్లిష్ నుంచి సంస్కృతానికి వేరే నిఘంటువులున్నాయి: మోనియర్ విలియమ్స్ 1851, బరువా 1877, ఆప్టే (తొలి ముద్రణ 1884). ఇవి కూడా కొలోన్‌లో ఉన్నాయి. కనీసం ఆప్టే ఇంగ్లిష్-సంస్కృత నిఘంటువును చేర్చి, ఇంగ్లిష్ మాట పడగానే ముందు దాన్నుంచి జవాబివ్వండి.

అక్షరక్రమంలో చూసే పేజీ ఉంటే క్ష, జ్ఞ గురించి ఒక వాక్యం రాయండి. మన వర్ణమాల పట్టికలో క్ష చివర ఉంటుంది కాబట్టి హకారం తర్వాత వెతుకుతారు. నిఘంటువులో అది కకారం కింద, జ్ఞ జకారం కింద.

మల్లేశ్వరం_కోశం:

చాలా స్పష్టంగా ఉంది. ఇక హోమ్‌పేజీ మొదటి తెర, పనుల వరుస మాత్రమే మిగిలాయి. తప్పులు తెలియజేసే ఫారమ్ కూడా ఒకటి పెట్టాలనుకుంటున్నాం, దానికి ఏమేం అడగాలి?

నిఘంటుప్రియ:

మొదటి తెర మీద: సైట్ ఏమిటో ఒక వాక్యం, సెర్చ్ బాక్స్, దాని కింద నొక్కితే పనిచేసే మూడు ఉదాహరణలు. ఒకటి తెలుగు రూపంలో (మనస్సు), ఒకటి దేవనాగరిలో, ఒకటి రోమన్‌లో. ఏ లిపిలో కొట్టినా ఫరవాలేదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఉదాహరణలే చెబుతాయి. నిఘంటువుల ఎంపిక మడిచి ఉంచండి, "అన్నిటిలో" అన్నది ముందే ఎంచి ఉండాలి. ఫోన్లో కర్సర్‌ను బాక్స్‌లో ముందే పెట్టవద్దు. కీబోర్డు లేచి ఉదాహరణలను కప్పేస్తుంది.

ఫలితాల్లో ఏది పైన అంటే, కావ్యాలు, పురాణాలు చదివేవారికి ఆప్టే. ప్రయోగాలు శ్లోకాలతో సహా ఇస్తాడు. వేదం వైపు వెళ్లేవారికి, అరుదైన పదాలకు మోనియర్ విలియమ్స్. మీ వాడకందార్లను బట్టి నేనైతే ఆప్టేని పైన పెడతాను. చరిత్ర, ధన్యవాదాలు "మా గురించి" పేజీకి. నిఘంటువుల పట్టిక మాత్రం హోమ్‌పేజీ కింది భాగంలో ఉండాలి, ఒక్కొక్కదానికి ముద్రణ సంవత్సరం, అర్థాలు ఏ భాషలో, ఆరోపం ఏ రూపంలో అన్న మూడు వివరాలతో. సంవత్సరం తప్పనిసరి. ఆప్టే అంటే 1890 నాటిదా, మూడు సంపుటాలుగా పెంచి 1957–59లో పుణె నుంచి వేసినదా అన్నది చాలా తేడా. ఆ రెండోది షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉంది, మీ దగ్గర లేదు కనుక లంకె ఇవ్వండి.

పీడీఎఫ్ తీసేయండి. ఒక్కో ఇబ్బందికి ఒక్కో చిన్న పేజీ రాయండి: "పదం దొరకలేదు", "క్రియాపదం దొరకలేదు", "సమాసం దొరకలేదు", "ఈ అక్షరాలేమిటి". శీర్షికలు వాడేవాళ్ల నోట వచ్చే మాటల్లోనే ఉండాలి. స్క్రీన్ బొమ్మలు పెట్టకండి, సైట్‌లో ఒక బటన్ జరిగితే బొమ్మలన్నీ పాతబడతాయి. దానికి బదులు నొక్కితే నిజంగా వెతికే ఉదాహరణలు పెట్టండి.

ఇద్దరే కనుక వరుస ఇదీ: ముందు సెర్చ్ బాక్స్‌ను పైకి తెచ్చి, సున్న, ఎ, ఒ, ళ, కనబడని అక్షరాలు సరిచేయండి. ఇవి తక్కువ పని, ఎక్కువ ఫలితం. తర్వాత తత్సమ నియమాలు, చేతిపట్టిక. ఆపైన ఉపసర్గలు, సమాసాల లంకెలు. సంకేతాక్షరాలు పక్కన నడుస్తూ ఉండవచ్చు, పెద్ద ఎల్‌తో మొదలుపెట్టి. రోమన్ స్పెల్లింగుల ఊహ చివరికి ఉంచండి, అది ఎప్పటికీ తెమలదు.

తత్సమం:

పై వరుసకు ఒక చిన్న చేర్పు. మీ లాగులోంచి ఓ యాభై పదాలు తీసి, ఒక్కొక్కదానికి రావలసిన ఆరోపం పక్కన రాసి ఉంచండి. ఏ నియమం చేర్చినా ఆ యాభైనీ తిరిగి నడపండి. ళ నియమం చేర్చగానే అంతకుముందు బాగా వచ్చినదేదో చెడడం, ఇన్ నియమం కవిని కవిన్‌గా మార్చబోవడం, ఇలాంటివి అప్పుడే బయటపడతాయి.

ఫారమ్ గురించి: నిఘంటువు పేరు, ఆరోపం, ఇప్పుడున్న పాఠం, ఉండవలసిన పాఠం, స్కాన్‌లో పేజీ. మొదటి రెండూ పేజీ నుంచే నిండి రావాలి, మనిషి చేత రాయించకూడదు. ఫారమ్ పైన స్కాన్ లంకె పెట్టండి. 1899 మోనియర్ విలియమ్స్‌లో పేజీకి మూడు నిలువు వరుసలు, అక్షరాలు చిన్నవి, కాబట్టి ఎన్నో వరుసో కూడా చెప్పగలిగితే వెతకడం తేలిక. తప్పు రెండు రకాలు: టైపు చేసినప్పుడు పడినది, అసలు పుస్తకంలోనే పడినది. స్కాన్ చూసి ఏ రకమో ఎంచుకోమని అడగండి. మొదటి రకాన్ని మీ ప్రతిలో దిద్దుకుని ఊరుకోకుండా కొలోన్ వాళ్లకూ పంపాలి. లేకపోతే వాళ్ల కొత్త ప్రతి దించుకున్న రోజున మీ దిద్దుబాట్లన్నీ కొట్టుకుపోతాయి. రెండో రకానికి పాఠం ముట్టుకోకుండా పక్కన గమనికగా చూపించండి.